ప్రస్థానం పెట్టిన పులిహోర

బడిలో ఎవరికీ చెందని పని ఏదైనా ఉంటే అది డ్రిల్లు మాస్టరుది. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ముందు ఈ సంగతి తెలుసుకోండి. జెండా తాడు తెగితే మనం, తరగతిలోకి పాము దూరితే మనం, తనిఖీకి వచ్చిన సారుకు కొబ్బరి బొండాం కావాలన్నా మనమే. ముప్పై ఏళ్ళకు పైగా పాలమూరు పల్లెల్లో ఈల మెడలో వేసుకుని తిరిగాను. ఖోఖో, కబడ్డీ మీకు శిక్షణలో నేర్పుతారు. పిల్లలను ఒక్క రోజులో అడవి చూపించి ఇంటికి చేర్చడం ఎవరూ నేర్పరు. ఆ పని ఎంత తమాషాగా చెడుతుందో, చెడినా ఎలా గట్టెక్కుతుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

గేటు చూసొచ్చిన ఏడాది

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో వీపనగండ్ల దగ్గరి ఒక ఊళ్ళో పనిచేసేవాణ్ణి. అప్పుడంతా ఒకటే జిల్లా. నల్లమల మా జిల్లాలోదే అయినా మా పిల్లలకు అడవంటే ఊరవతల తుమ్మచెట్లే. వనపర్తి, బిజినేపల్లి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా పోతే మన్ననూరు దగ్గర అసలు అడవి మొదలవుతుంది. అక్కడో చెక్‌పోస్టు. మధ్యాహ్నం దాటితే లోపలికి పోయేవాళ్ళకు గేటు వేసేస్తారు. గేటు దాటి పోతే గుట్ట అంచు వస్తుంది, కింద లోయ, లోయ అవతల మళ్ళీ గుట్టలు. పొద్దున బయలుదేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. కాగితం మీద మాత్రం.

మా హెడ్మాస్టరు మాణిక్యప్ప సారుది గద్వాల అవతల సరిహద్దు ఊరు. కోపమొచ్చినా సంతోషమొచ్చినా నోట్లోంచి కన్నడం వచ్చేది. మంచి మనిషే గానీ ఒక్కటే జబ్బు. బస్సు కిరాయికి మాట్లాడితే చాలు, "బస్సు ఎట్లయినా అటే పోతుంది కదా" అనేవాడు.

మొదటిసారి మగపిల్లలను మాత్రమే తీసుకెళ్ళాం. బిజినేపల్లి రాగానే సారు బస్సు ఆపించాడు. ఆయన మేనల్లుడికి అక్కడ ఒక పిల్ల ఉందట. ఐదు నిమిషాల్లో చూసి వస్తానన్నాడు. పిల్ల వాళ్ళు బస్సెడు మందిని చూసి అందరం మగపెళ్ళి వాళ్ళమే అనుకున్నారు. వద్దన్నా వినకుండా అందరికీ ఉప్మా వండారు. మా పిల్లలు వాకిట్లో మూడు వరసల్లో కూర్చుని తిని, ఎవరూ అడగకపోయినా పిల్ల బాగుందని చెప్పారు. చివరకు పిల్ల తండ్రి సారును పక్కకు పిలిచి చెప్పాడు.

"పిల్లను సూడనీకే గింతమంది వస్తే పెండ్లికి ఎంతమంది వస్తరు సార్? మాతోటి కాదు."

మేము మన్ననూరు చేరేసరికి గేటు వేసేశారు. గేటు ముందు నిలబడి ఫొటో దిగి వచ్చేశాం. మర్నాడు సారు పిల్లల చేత 'మేము చూసిన అడవి' అని వ్యాసం రాయించాడు. అందరి వ్యాసంలోనూ పులి ఉంది.

ఆ వారమే గ్రౌండులో పదో తరగతి మంజుల నన్ను అడిగింది.

"సార్, గేటు సూసి రానీకి గూడ మొగపిల్లగాండ్లే కావాల్నా?"

ఈల ఊదాను. జవాబు దొరకనప్పుడు డ్రిల్లు మాస్టర్లు చేసే పని అదే. కానీ ఆ ప్రశ్న నన్ను ఇంటిదాకా వదల్లేదు.

సాయవ్వ షరతు

ఆడపిల్లలను కూడా తీసుకుపోదామని నేనంటే హెడ్మాస్టరు సరేనన్నాడు, ఇళ్ళకు వెళ్ళి అడిగే పని నాకు వదిలేశాడు. ఏ ఇంటికి వెళ్ళినా ఒకటే మాట, "సాయవ్వ పంపితే మేము గూడ పంపుతం సారూ."

సాయవ్వ మంజుల నాయనమ్మ. ఊరికి తూర్పు కొసన రోడ్డు మీదే ఇల్లు, వెనక దొడ్లో గొర్రెల మంద. ఊళ్ళో ఆడపిల్లల సంగతికి వస్తే ఆవిడ మాటే తీర్పు.

"అడివిల ఏముంది సారూ?" అంది.

"పులి ఉందవ్వా."

"దాన్ని సూడనీకి గంత దూరం పోవాల్నా? మా ఆయన బతికున్నన్ని దినాలు నేను ఇంట్లనే సూసిన."

అప్పటికే ఆ ఇంట్లో ఇంకో పంచాయితీ నడుస్తోంది. పది అయ్యాక వనపర్తి కాలేజీకి పోతానని మంజుల పట్టుబట్టింది. రోజూ బస్సులో పోయి రావాలి. మా ఊరి నుంచి అప్పటిదాకా ఏ ఆడపిల్లా అలా పోలేదు. సాయవ్వ రెండు పంచాయితీలనూ కలిపి ఒకటే ముడి వేసింది.

"ఇను సారూ. మంచి గడియల బయలెల్లాలె. దీపాలు పెట్టే యాలకు పిల్లను నా గడప కాడ దించాలె. దించినవా, కాలేజికి పంపుత. చీకటి పడ్డంక వచ్చినవా, పదితోనే బందు. ఇంకో ఆడిపిల్ల గూడ మీ బస్సెక్కది."

మంజుల తలుపు పక్కన నిలబడి నా వైపే చూస్తోంది. నన్ను పూర్తిగా నమ్మేసిన చూపు అది. నిజం చెప్తున్నాను, నాకు భయమేసింది. ఖోఖోలో ఓడిపోతే వచ్చే ఏడు మళ్ళీ ఆడొచ్చు. ఇది అలాంటిది కాదు.

శనివారం తూర్పుకు శూల

ప్లాను అనే మాట చాలా పెద్దది. మా స్టాఫ్ రూములో జరిగిందానికి ఆ పేరు పెట్టకూడదు.

గౌస్ భాయ్ బస్సు మాకు రెండో శనివారమే దొరికింది. ఆదివారాలన్నీ పెళ్ళిళ్ళకు పోయాయి. శనివారం అనగానే తెలుగు పండితుడు శేషాచారి సారు పంచాంగం మూసి తల అడ్డంగా ఊపాడు. శనివారం తూర్పుకు శూల అట, ఆ రోజు అటు ప్రయాణం పనికిరాదట. మేము పోయేది తూర్పుకే. మంచి గడియ శుక్రవారం సాయంత్రం ఉందన్నాడు.

"శుక్రవారం సాయంత్రం బయలుదేరి చీకట్లో పులిని వెతకాలా?" అన్నాను.

"ప్రస్థానం పెడితే సరిపోతుందయ్యా" అన్నాడు.

మీలో పట్నంలో పెరిగిన వాళ్ళ కోసం చెప్తాను. పోవాల్సిన రోజు మంచిది కాకపోతే, అంతకుముందే మంచి గడియలో మన సామాను ఒకటి తీసుకెళ్ళి దారిలో ఎవరి ఇంట్లోనైనా పెడతారు. అదే ప్రస్థానం. అక్కడితో ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత తీరిగ్గా బయలుదేరి, దారిలో ఆ సామాను ఎత్తుకుని పోతే చాలు. తూర్పు కొసన ఉన్న ఇల్లు సాయవ్వదే. ఆవిడ కూడా సంతోషంగా ఒప్పుకుంది.

ఏం పెట్టాలనే దగ్గర గొడవ వచ్చింది. నేను క్రికెట్ బ్యాటు పెడదామన్నాను.

"బేడ బేడ, వద్దు" అన్నాడు హెడ్మాస్టరు. "అన్నిట్ల ముఖ్యమైంది పెట్టాలె. పులిహోర పెడదాం."

సారుకు ఏది ముఖ్యమో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ కాదనలేదు. పిల్లలెవరూ ఇంటి నుంచి తిండి తేకూడదని, బడి అంతా ఒకే గంగాళంలో తినాలని అప్పటికే ఆర్డరు వేశాడు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి మగ టీచర్లందరం కలిసి బడి వెనక పులిహోర కలిపాం. సాయంత్రం మంచి గడియలో శేషాచారి సారు ముందు నడవగా, నలుగురం గంగాళం మోసుకెళ్ళి సాయవ్వ ఇంట్లో తూర్పు ముఖంగా పెట్టి వచ్చాం. పెళ్ళికూతురిని కూడా అంత జాగ్రత్తగా దించరు.

వెనక నుంచి పిలవకూడదు

పొద్దున బస్సు సాయవ్వ ఇంటి ముందు ఆగింది. మంజుల ఎక్కింది. నేను పిల్లల లెక్క చూసుకుంటున్నాను. గౌస్ భాయ్ గేరు వేశాడు, బస్సు కదిలింది. కిటికీలోంచి చూస్తే సాయవ్వ రోడ్డు మీదికొచ్చి రెండు చేతులూ ఊపుతోంది. అంత కచ్చితమైన మనిషి ఇంత ప్రేమగా సాగనంపుతోందని నాకు ముచ్చటేసింది. మేమందరం చేతులు ఊపాం. ఆవిడ ఇంకా గట్టిగా ఊపింది. మేమూ ఇంకా గట్టిగా ఊపాం.

నాగర్‌కర్నూల్ దాటాక హెడ్మాస్టరు నా వైపు తిరిగి, "నర్సిములూ, జర గంగాళం మూత తియ్యి" అన్నాడు. అప్పుడు చూసుకున్నాం. బస్సులో క్రికెట్ బ్యాటు ఉంది, వికెట్లు ఉన్నాయి, గంగాళం లేదు.

శేషాచారి సారు పెట్టడం వరకే తన పని అనుకున్నాడు. హెడ్మాస్టరు ఎత్తే పని నాది అనుకున్నాడు. ఎవరికీ చెందని పని కదా. నేను పిల్లల లెక్కలో ఉన్నాను. ఇక సాయవ్వ సంగతి తర్వాత తెలిసింది. ఒకరు పెట్టిన ప్రస్థానాన్ని ఇంకొకరు ముట్టకూడదు. బయలుదేరిన వాళ్ళను వెనక నుంచి పిలవకూడదు, పిలిస్తే అపశకునం. అందుకే పాపం నోరు మూసుకుని చేతులు ఊపింది.

"వెనక్కి పోదామా?" అన్నాడు హెడ్మాస్టరు.

"బయలుదేరి వెనక్కి మళ్ళడం అంతకంటే చెడ్డది" అన్నాడు శేషాచారి సారు.

గౌస్ భాయ్ అద్దంలోంచి చూసి చెప్పాడు, "వెనక్కి పోతే గేట్ బంద్. ముంగటికి పోతే కడుపు బంద్. ఏది కావాల్నో జల్దీ చెప్పుండ్రి సాబ్."

మంజుల మూడో సీట్లోంచి నా వైపు చూసింది. ముందుకే పొమ్మన్నాను. బస్సెడు మందికి హోటల్లో భోజనం పెట్టించే స్తోమత మాకు లేదు. అచ్చంపేటలో బండి మీదున్న అరటిపండ్లన్నీ కొన్నాం, మనిషికొకటి వచ్చింది.

గుట్ట మీద

ఈసారి గేటు తెరిచే ఉంది. అంత ఆకలిలోనూ మగపిల్లలు ఆ గేటును పాత చుట్టాన్ని పలకరించినట్టు పలకరించారు. మాకు దారి చూపడానికి లింగయ్య అనే అటవీశాఖ వాచర్ తోడొచ్చాడు. ఆ గుట్టల మీద పుట్టిన చెంచు మనిషి. పులి ఎప్పుడొస్తుందని పిల్లలు ఆయన్ను నిలవనివ్వలేదు.

"మీరు చేసే లొల్లికి పులి ఎప్పుడో కృష్ణ దాటిపోయుంటది" అన్నాడాయన.

గుట్ట అంచుకు చేరగానే ఆ లొల్లి దానంతట అదే ఆగిపోయింది. కింద ఎంత దూరం చూసినా అడవే. ఒక గుట్ట వెనక ఇంకో గుట్ట, దాని వెనక నీలంగా ఇంకొకటి. నా ఉద్యోగంలో ఈల లేకుండా పిల్లలు అంత నిశ్శబ్దంగా నిలబడింది ఆ ఒక్కసారే.

"ఇంత పెద్దది మన జిల్లలనే ఉండెనా సార్?" అంది మంజుల, నెమ్మదిగా.

నాకు కళ్ళు చెమర్చాయి. ఎండ అని చెప్పాను.

తర్వాత ఆకలి గుర్తొచ్చింది. హెడ్మాస్టరు ఒక బండ మీద కూర్చుని, మనిషికి ఉపవాసం ఎంత మంచిదో మగపిల్లలకు పాఠం మొదలుపెట్టాడు. అంతలో చెట్టు చాటు నుంచి ఎల్లిపాయ కారం వాసన వచ్చింది. పోయి చూస్తే ఆడపిల్లలందరి ఒళ్ళోనూ గుడ్డ మూటలు, వాటిలో జొన్న రొట్టెలు. హెడ్మాస్టరు నోరు తెరిచే లోపలే మంజుల లేచి నిలబడింది.

"మీరు తేవద్దన్నరు సార్. మొగోళ్ళు కలిపిన పులిహోర నమ్మి పిల్లను అడివికి పంపనని మా అవ్వ మూట కట్టింది. అందరి ఇండ్లల్ల గిట్లనే అన్నరంట."

"క్రమశిక్షణ..." అని మొదలుపెట్టాడు సారు. ఆ మాట పూర్తయ్యేలోపే ఆయన చేతిలో రొట్టె ఉంది. ఆర్డరు పాటించిన మగపిల్లలు ఉత్త చేతులతో వచ్చారు, ఆర్డరు తప్పిన ఆడపిల్లలు అందరికీ అన్నం పెట్టారు. మీరు ఎంత గట్టి ఆర్డరు వేసినా, దాన్ని లెక్కచేయని తల్లులు కొందరుండాలని దేవుణ్ణి వేడుకోండి.

ఆ రొట్టెల వాసనకే కోతులు దిగాయి. వాటిని తోలుదామని ఈల తీశాను. ఒక ముసలి కోతి తాడుతో సహా లాక్కుని చెట్టెక్కి, ఈలను పండనుకుని కొరకడం మొదలుపెట్టింది. నా ఈల కోసం మగపిల్లలంతా తలో దిక్కుకు ఉరికారు. ఈల లేని డ్రిల్లు మాస్టరు మాట ఎవరు వింటారు? గొంతు పోయేలా అరిచాను. పొద్దు వాలుతోంది. నేనిచ్చిన మాట కూడా దాంతోపాటే జారిపోతోందని నాకు తెలుస్తోంది.

అప్పుడు మంజుల బండ మీదికెక్కి, నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల వేసింది. అది గొర్రెల మందను మళ్ళించే ఈల. లోయంతా మోగింది. పిల్లలు వచ్చారు, హెడ్మాస్టరు వచ్చాడు, చెట్టు మీది కోతి కూడా ఉలిక్కిపడి నా ఈలను వదిలేసింది.

"సార్, గిది మా అవ్వకు చెప్పకుండ్రి" అంది మంజుల. చెప్పనన్నాను.

దీపాలు పెట్టాక

గౌస్ భాయ్ తన శక్తి కొద్దీ తోలాడు. బిజినేపల్లి దగ్గర హెడ్మాస్టరు ఏదో అనబోతే నేను ఆయన వైపు ఒక్క చూపు చూశాను, కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు. అయినా వనపర్తి రాకముందే పొద్దు గూకింది. దారి పక్క ఇళ్ళలో ఒక్కో దీపం వెలుగుతుంటే నేను గడియారం చూసుకోవడం మానేశాను. మంజుల కిటికీకి తల ఆనించి కూర్చుంది. ఏడ్చినా బాగుండుననిపించింది.

సాయవ్వ ఇంటి ముందు ఊరు సగం ఉంది. గూట్లో దీపం వెలుగుతోంది. అరుగు మీద సాయవ్వ, వెనక తలుపులోంచి పెట్టిన చోటే తెల్లగుడ్డ కప్పిన మా గంగాళం. మంజుల దిగి, ఖాళీ మూటగుడ్డ నాయనమ్మ చేతిలో పెట్టింది.

"అవ్వా, నీ రొట్టెలు హెడ్మాస్టర్ సారు తిన్నడు."

"ఎన్ని తిన్నడు?"

"ఉన్నయన్ని."

సాయవ్వ హెడ్మాస్టరును ఎగాదిగా చూసింది. ఆయన చేతులు కట్టుకుని, "చాన మంచిగుండెనమ్మా" అన్నాడు. ఆవిడ ముఖంలో కోపం కొంచెం తగ్గినట్టే ఉంది. నేను ముందుకు వెళ్ళాను.

"అవ్వా, ఆలస్యమైంది. తప్పు పిల్లది కాదు."

"ఎవరికి ఆలిస్యమైంది?"

"మాకే. అడవి నుంచి రావడానికి."

"మీరు అడివికి ఎట్ల పోతరు? మీ పస్తానం నా ఇంట్లనే ఉండె గదా. పస్తానం ఎత్తకపోతే పయనం మొదలే కాదు. మొదలు కాని పయనానికి ఆలిస్యం ఏడికెల్లి వస్తది?"

ఊరంతా శేషాచారి సారు వైపు తిరిగింది. ఆయన నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, "శాస్త్రం అట్లనే ఉంది" అన్నాడు.

"మరి మేము చూసిన అడవి?" అన్నాడు హెడ్మాస్టరు.

"అది లెక్కల లేదు" అంది సాయవ్వ.

"నా కాలేజి?" అని మంజుల అడిగింది.

"పయనం అయినంక చెప్త. వచ్చే నెల మళ్ళ పోతరు. గంగాళం నా కాళ్ళ కాడ పెట్టుకుంట. నేను గూడ వస్త."

ఆ రాత్రి ఆ అరుగు మీదే ఊరంతా పులిహోర తిన్నాం. కొంచెం పులిసింది. మగవాళ్ళు చేసింది గిట్లనే ఉంటదని సాయవ్వ అందరికీ వడ్డిస్తూ చెప్పింది.

ఈల

తర్వాతి నెల సాయవ్వ ముందు సీట్లో కూర్చుంది. కాళ్ళ దగ్గర గంగాళం, చేతిలో గొర్రెల కర్ర. ఆ కర్రను చూసి హెడ్మాస్టరుకు బిజినేపల్లిలో ఏ పనీ గుర్తు రాలేదు. గుట్ట అంచున ఆవిడ చాలాసేపు నిలబడింది. చుట్టూ మా పిల్లలు తప్ప ఊరివాళ్ళెవరూ లేరని చూసుకుని, నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల వేసింది. లోయ తిరిగి పలికింది.

"మంజులకు ఎవరు నేర్పిండ్రనుకున్నవ్ సారూ?" అంది.

"మరి పులిహోర మర్చిపోయిన రోజు ఇలా ఈల వేసి ఉంటే మేము ఆగేవాళ్ళం కదా అవ్వా?"

"ఊరోళ్ళ ముంగట ఆడిది ఈల ఏస్తదా?"

దీపాల వేళకు చాలా ముందే ఇల్లు చేరాం. సాయవ్వ మాట నిలబెట్టుకుంది.

కాలేజీ తెరిచే రోజుకు ముందు సాయంత్రం ఆవిడ నా గదికి వచ్చింది. నేను బస్టాండు పక్కనే ఉండేవాణ్ణి. మంజుల పుస్తకాల సంచి, సద్ది డబ్బా తూర్పు ముఖంగా పెట్టి, "పస్తానం సారూ. ఈసారి మర్చిపోతే నేను ఊకోను" అంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

పొద్దున మంజుల వచ్చి సంచి భుజానికి వేసుకుంది. నేను ముందే ఉరికి బస్సులో కిటికీ పక్క సీటు పట్టాను. ఊళ్ళో సగం మంది బస్టాండులో ఉన్నారు, కొందరు సాగనంపడానికి, ఎక్కువమంది చూడ్డానికి. బస్సు కదిలాక వెనక్కి చూస్తే, నా గది గడపలో సద్ది డబ్బా అలాగే ఉంది. నోరు తెరిచి, వెంటనే మూసుకున్నాను. వెనక నుంచి పిలవకూడదు. రెండు చేతులూ ఊపాను. మంజుల కిటికీలోంచి సంతోషంగా చెయ్యి ఊపింది.

నా పక్కన సాయవ్వ డబ్బాను చూసింది, బస్సును చూసింది, చుట్టూ ఉన్న ఊరిని చూసింది. చూసి, నోట్లో రెండు వేళ్ళు పెట్టింది.

బస్టాండు మొత్తం చేష్టలుడిగి నిలబడిపోయింది. అంత దూరంలో బస్సు ఆగింది.

"నేను పిలవలే. ఈల ఏసిన" అంది సాయవ్వ, ఎవరూ అడగకముందే.

నేను డబ్బా పట్టుకుని పరుగెత్తాను. ఆ పని ఎలాగూ డ్రిల్లు మాస్టరుదే.